కోరాపుట్ మ్యూజియంలో అత్తయ్య

ఒడిశాలోని కోరాపుట్ వెళ్లేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే. లాడ్జి గదికి ఫోన్‌లో అడ్వాన్సు కట్టకండి. మేం 1,800 రూపాయలు కట్టాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు, కింద గదే కావాలని మా ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ కట్టారు.

రాయగడలో రైలెక్కాం. మా చిన్నది సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, ప్రయాణం హాయిగా సాగింది.

తీరా వెళ్లేసరికి కింద గది లేదు. "ఎవరో ఆఫీసరు గారు దిగారమ్మా, పైన గాలి బాగా వస్తుంది" అన్నాడు కౌంటర్లో ఆయన, చక్కటి తెలుగులో. పైన అంటే మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అత్తయ్య ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కారు. రెండో అంతస్తు మలుపులో గోడకి చేరబడి కళ్లు మూసుకున్నారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది నాకు. గదిలో కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. అదనపు పరుపుకి ఇంకో 400 అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మని మా ఆయన కిందికి దిగితే, అప్పటిదాకా "అమ్మా, అత్తమ్మా" అన్న మనిషి ఒక్కసారిగా ఒడియాలోకి మారిపోయాడు. మేం రాయగడలోనే పుట్టి పెరిగినవాళ్లం, ఒడియా మాకూ వచ్చు. మా ఆయన ఒడియాలోనే గట్టిగా అడిగారు. అరగంట వాదిస్తే పరుపు డబ్బులు వదిలారు, రెండు బకెట్ల నీళ్లు పైకి పంపారు. అంతే. తెలుగు మాట విని నమ్మి మోసపోయాం, ఆ కోపం నాకింకా తగ్గలేదు. జయపురం అక్కడికి 22 కిలోమీటర్లే. మళ్లీ వెళ్తే అక్కడే గది తీసుకుంటాను, అదీ కళ్లతో చూశాకే.

ఆ చిరాకుతోనే సాయంత్రం గిరిజన మ్యూజియానికి ఆటో ఎక్కాం, 100 రూపాయలు. జగన్నాథస్వామి గుడి పక్కనే. గిరిజనుల చైత్రమాసపు పండగ చైత్ర పరబ్ రోజులు కావడంతో ఆవరణంతా పందిళ్లు, చుట్టుపక్కల కొండల నుంచి వచ్చిన జనం. గదబ తెగవాళ్లు కెరంగ్ నారతో నేసే చారల బట్ట, కొట్‌పాడ్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో ఎర్రరంగు వేసిన చీరలు, అన్నీ దగ్గరగా చూడొచ్చు. మండియా పెజ్ గ్లాసు 20 రూపాయలు. మన రాగి అంబలే, పక్కన కాల్చిన ఎండుమిరపకాయ, ఉల్లిపాయ ఇచ్చారు. అంత కారంలోనూ చిన్నది రెండు గ్లాసులు తాగింది.

అత్తయ్య మాత్రం మొహం ముడుచుకునే ఉన్నారు. నడవలేక, డోంగ్రియా కోంధు తెగ ఆవిడ ఒకరు పరిచిన చాప పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆవిడ ఒళ్లో ముతక తెల్లబట్ట. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో వరసగా త్రికోణాలు కుడుతోంది. కపడాగండా షాలు అంటే ఇదే, ఆ ప్రాంతానికే చెందిన వస్తువని ఇచ్చే జీఐ గుర్తింపు 2024లో వచ్చింది. బట్ట మీద గీతలేమీ లేవు. పోగులు వేలితో లెక్కపెట్టి సూది దింపుతోంది. పెళ్లికాని పిల్లలు అన్నదమ్ములకీ, మనసైనవాడికీ ప్రేమగా కుట్టి ఇచ్చే షాలట. త్రికోణాలు చూపించి నియమగిరి అంది, వాళ్లుండే కొండలవి. తర్వాత కొండవైపు చెయ్యి చాచి, తన ఊరి సంగతేదో చెబుతూ "ఇల్లు" అంది.

అత్తయ్య ఉలిక్కిపడ్డారు. "ఇల్లా?" అన్నారు. ఆవిడ తలూపి మళ్లీ "ఇల్లు" అంది. వాళ్ల కువి భాషలోనూ ఇంటిని ఇల్లే అంటారు, మన తెలుగుకి దగ్గరి చుట్టం ఆ భాష. నలభై ఏళ్లుగా రాయగడ బజార్లో వాళ్లని చూస్తూనే ఉన్నారు అత్తయ్య, ఏనాడూ పలకరించింది లేదు. ఆ తర్వాత గంటన్నర ఇద్దరూ కదల్లేదు. అత్తయ్య తన చెయ్యి, కన్ను, చెవిపోగు చూపించి పేర్లడుగుతున్నారు, ఆవిడ చెప్పి నవ్వుతోంది. అవతల మొహురి ఊదుతుంటే ఆడవాళ్లు వీపుల వెనక చేతులు పెనవేసుకుని ఢెంసా ఆడారు. చిన్నది కూడా చివర్న చేరింది. అత్తయ్య అటు చూడనే లేదు.

చిన్న షాలు 4,500 అంది. మా ఆయన బేరం మొదలుపెట్టబోతే అత్తయ్య కసిరారు. "నెలల తరబడి కుట్టిందిరా" అని తన పర్సులోంచే తీసి ఇచ్చారు. మీరూ అక్కడ బేరాలాడకండి, అడక్కుండా ఫొటోలు తియ్యకండి.

రాత్రి మళ్లీ ఆ మూడంతస్తులూ ఎక్కాల్సి వచ్చింది. మర్నాడు రైల్లో షాలు ఒళ్లో పెట్టుకుని, బుధవారం చటికోన సంతకి డోంగ్రియాలు దిగుతారు కదా, వెళ్దామా అని అడిగారు అత్తయ్య. ఆఫీసులో సెలవు చెప్పేశాను.