గిట్ ట్రేస్: ఏళ్లుగా వాడుతున్నాక నా అభిప్రాయం

పాలకొల్లులో ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకి గిట్ పుష్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ ప్రోగ్రామ్‌తో మన కోడ్‌ని సర్వర్‌కి పంపడం) కదలకపోతే మొదటి అనుమానం నెట్ మీదే. గాలివానకి ఫైబర్ వైరు తెగడం, ఫోన్ హాట్‌స్పాట్‌కి మారడం మనకి మామూలే మరి. కానీ నేను చూసినవాటిలో చాలాసార్లు నెట్ బాగానే ఉంది. సర్వర్‌తో హెచ్‌టీటీపీఎస్‌లో (వెబ్‌సైట్లు వాడే భద్రమైన పద్ధతి) మాట్లాడే పని గిట్ స్వయంగా చేయదు. దానికోసం రిమోట్ హెల్పర్ అనే వేరే ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. పాస్‌వర్డ్ అవసరమైతే అక్కణ్ణుంచి క్రెడెన్షియల్ హెల్పర్‌కి, అంటే పాస్‌వర్డ్‌లు దాచి అందించే ఇంకో ప్రోగ్రామ్‌కి, కబురు వెళ్తుంది. శివారు చేనుకి నీరు రానప్పుడు బోదె గట్టు పట్టుకుని పైకి నడిచినట్టే, ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి.

దానికి గిట్ నడిపేముందు పెట్టే సెట్టింగులు (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) ఉన్నాయి. గిట్_ట్రేస్=1 పెడితే గిట్ ఏ ప్రోగ్రామ్‌ని ఎప్పుడు పిలిచిందో టైముతో సహా చూపిస్తుంది. భీమవరం కుర్రాడొకడు "నెట్ బానే ఉందండి, పుష్షే కదలట్లేదండి" అని ఫోన్ చేస్తే ఇదే పెట్టమన్నాను. చివరి లైను క్రెడెన్షియల్ హెల్పర్‌ని పిలిచిన చోట ఆగింది. దూరపు మెషీన్‌లో తెర లేదు, హెల్పరేమో లాగిన్ విండో కోసం కాచుక్కూర్చుంది!

నాకు బాగా నచ్చింది గిట్_ట్రాన్స్‌పోర్ట్_హెల్పర్_డీబగ్. గిట్ అడిగినదీ, రిమోట్ హెల్పర్ చెప్పినదీ బాణం గుర్తులతో వస్తాయి. గిట్ ముందు 'కేపబిలిటీస్' (నీకేం చేతనవును) అని అడుగుతుంది, జవాబు రాకపోతే 'వెయిటింగ్' దగ్గరే ఉండిపోతుంది. సొంతంగా హెల్పర్ రాసేవాళ్లకి ఇది లేకుండా పని జరగదు. హెల్పర్ గిట్‌తో మాట్లాడేది స్టాండర్డ్ అవుట్‌పుట్ (ప్రోగ్రామ్ మామూలుగా రాసే చోటు) మీదే కాబట్టి, అందులో సరదాకి ఒక ప్రింట్ పెట్టినా గిట్ దాన్ని జవాబనుకుంటుంది. డీబగ్ మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కే (తప్పుల సందేశాలకి ఉన్న వేరే దారి) పంపాలి.

గిట్_ట్రేస్_ప్యాకెట్ సర్వర్‌తో నడిచే సంభాషణకి మంచిది. హెచ్‌టీటీపీఎస్ మాటలన్నీ చూపించే గిట్_ట్రేస్_కర్ల్ మాత్రం మరీ వాగుతుంది, చివరాఖరుకి తప్ప దాని జోలికి పోను. హెచ్‌టీటీపీఎస్ బదులు ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌కి వెళ్లే మరో భద్రమైన దారి) వాడేవాళ్లకి కర్ల్ ట్రేస్ అక్కర్లేదు, కనెక్షన్ చూడ్డానికి గిట్_ఎస్ఎస్‌హెచ్_కమాండ్‌లో 'ఎస్ఎస్‌హెచ్ -వి' ఇస్తే చాలు.

నా ఫిర్యాదు ఒక్కటే. క్రెడెన్షియల్ హెల్పర్‌ని పిలిచినట్టు తెలుస్తుంది గానీ, లోపల ఏం మాట్లాడుకున్నాయో ట్రేస్‌లో కనిపించదు. రహస్యం కాబట్టి సబబే, కానీ విసుగు. అప్పుడు పాస్‌వర్డ్ అడిగే 'గిట్ క్రెడెన్షియల్ ఫిల్' కమాండ్‌కి ప్రోటోకాల్, హోస్ట్ లైన్లు, ఆపై ఒక ఖాళీ లైను చేత్తో ఇచ్చి చూస్తాను.

గిట్_ట్రేస్‌కి 1 బదులు స్లాష్‌తో మొదలయ్యే పూర్తి పాత్ ఇస్తే అంతా ఫైల్లోకి పోతుంది. పాతదాని కిందే కొత్తది చేరుతూ ఉంటుంది, చెరిపేసుకోవడం మన పనే. టోకెన్‌ని (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడ్) యూఆర్ఎల్‌లోనే రాసుకునే అలవాటున్నవాళ్లు ఆ ఫైలు ఎవరికైనా పంపేముందు ఒకసారి పూర్తిగా చదువుకోండి.