ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ: రూల్స్ మారాయి, రూమ్ రెంట్ మెలిక అలాగే ఉంది

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంట్లో అందరూ ఒకే బీమా మొత్తాన్ని పంచుకునే ఆరోగ్య బీమా, ఇప్పుడు తీసుకోదగ్గ పాలసీయే. 2024కి ముందు ఈ మాట ఇంత గట్టిగా చెప్పలేకపోయేవాళ్లం. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధనలతో, ముందునుంచే ఉన్న బీపీ, షుగర్ లాంటివాటికి వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిమ్ వర్తించని కాలం) పైహద్దు 48 నెలల నుంచి 36కి దిగింది. హెర్నియా, కంటిశుక్లం, మోకీలు మార్పిడి లాంటివాటికీ అదే పైహద్దు. 24 నెలలే పెట్టిన పాలసీలూ ఉన్నాయి, వెతుక్కోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. ఆఫీసు గ్రూప్ పాలసీలకు మాత్రం ఆ మినహాయింపు లేదు.

క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి) విషయంలో 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ మంచి పని చేసింది. చేరేటప్పుడు అనుమతి గంటలో, డిశ్చార్జ్‌కి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీదే. అయితే ఆ మూడు గంటలు డాక్టర్ ఇంటికి వెళ్లొచ్చని చెప్పినప్పటి నుంచి కాదు, ఆసుపత్రి నుంచి రిక్వెస్ట్ కంపెనీకి చేరినప్పటి నుంచి లెక్క. ఉదయం తొమ్మిదింటికి డాక్టర్ చెప్పినా, డిశ్చార్జ్ సమ్మరీ టైపయి, వాడని మందుల వాపసు లెక్క తేలేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. మందుల వాపసు ముందురోజు సాయంత్రమే చేయించండి. ఫైనల్ బిల్లు ఎన్నింటికి పంపారో ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడిగి రాసిపెట్టుకోండి.

ఇక అసలు దెబ్బ తగిలేది రూమ్ రెంట్ దగ్గర. ఐదు లక్షల పాలసీలో రోజుకి ఒక శాతం, అంటే 5,000 పరిమితి ఉందనుకుందాం. 8,000 గదిలో నాలుగు రోజులున్నారు. పై 12,000 మనం కట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000 అయితే అందులోనూ 8,000కి 5,000 లెక్కన ఎనిమిదింట ఐదు వంతులే, అంటే 75,000 ఇస్తారు. మొత్తం మీద 57,000 చేతినుంచి పడుతుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీల మీద ఈ కోత వేయకూడదు. గదిని బట్టి రేట్లు మారని ఆసుపత్రిలోనూ వేయకూడదు. వేస్తే రాతపూర్వకంగా అడగండి. రూమ్ రెంట్ పరిమితి లేని పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువే అయినా మా ఓటు దానికే.

క్లెయిమ్ తిరస్కరణల్లో బాగా బాధ పెట్టేది ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం నింపే దరఖాస్తు) వల్ల వచ్చేది. ఏజెంట్ ఫోన్‌లోనే ఫారం నింపేస్తారు, రోజూ వేసుకునే బీపీ మాత్ర సంగతి అందులో ఉండదు. రెండేళ్ల తర్వాత గుండె చికిత్స కాగితాల్లో 'ఐదేళ్లుగా బీపీ' అని కనిపిస్తే క్లెయిమ్ ఆగిపోతుంది. ఆపకుండా 60 నెలలు కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో తిరస్కరించకూడదు. ఇదివరకు ఇది ఎనిమిదేళ్లు. అంతవరకు వేచి చూడడం ప్రమాదం. పాలసీ అందాక 30 రోజుల ఫ్రీ లుక్ (నచ్చకపోతే రద్దు చేసుకునే గడువు) ఉంది. ఫారం కాపీలో ఒక్కో జవాబూ చదివి, తప్పుంటే అప్పుడే ఈమెయిల్‌లో దిద్దించండి.

అమ్మానాన్నల్ని ఇదే ఫ్లోటర్‌లో కలపొద్దని గట్టిగా చెబుతాం. ప్రీమియం ఇంట్లో పెద్దవారి వయసుని బట్టి లెక్కకడతారు. నాన్నగారి ఒక్క ఆపరేషన్‌తో బీమా మొత్తం కరిగిపోతే, అదే ఏడాది పిల్లకి డెంగీ వచ్చినప్పుడు మిగిలేది ఉండదు. రీస్టోరేషన్ (అయిపోయిన బీమా మొత్తాన్ని తిరిగి నింపడం) ఉందంటారు గానీ, అదే మనిషికి అదే జబ్బుకి వర్తిస్తుందో లేదో ఒక్కో పాలసీలో ఒక్కో తీరు. వాళ్లకి విడిగా తీసుకోండి. 65 ఏళ్లు దాటాయని పాలసీలే లేవనే పరిస్థితి 2024 నిబంధనలతో పోయింది. అరవై దాటినవారికి ఏడాదిలో పది శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే, 2025 జనవరి నుంచి కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 70 నిండితే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా చేయించండి. ఆదాయంతో పని లేదు, ఐదు లక్షల వరకు వైద్యం.