కాడ్మియమా, ఇండియమా? టీవీల్లో క్వాంటమ్ డాట్ల పోటీ

క్వాంటమ్ డాట్లంటే వెలుగు పడితే తమ సైజును బట్టి రంగునిచ్చే అతి చిన్న కణాలు. 2013లో సోనీ టీవీల్లోకి వచ్చిన, క్యూడీ విజన్ అనే అమెరికన్ కంపెనీ డాట్లు కాడ్మియంవి. నీలి వెలుగు పడగానే అవిచ్చే ఎరుపు, ఆకుపచ్చ చాలా స్వచ్ఛంగా ఉంటాయి. చిక్కల్లా కాడ్మియం విషం కావడమే. యూరప్ నిబంధనల్లో దాని పరిమితి 0.01 శాతం, మినహాయింపులు ఉన్నా సరే.

ఇండియం ఫాస్ఫైడ్‌కి ఆ తలనొప్పి లేదు. కాకపోతే తయారీ మహా మొండిది. డాట్ సైజు కాస్త అటూఇటూ అయితే రంగు మారిపోతుంది, గాలీ తేమా తగిలితే వెలుగు తగ్గుతుంది. అందుకే పైన జింక్ సల్ఫైడ్ లాంటి తొడుగు. రంగులో ఒక మెట్టు తగ్గినా నా ఓటు దీనికే.

శాంసంగ్ కూడా 2015లో కాడ్మియం లేని డాట్లవైపే వెళ్లింది. మరుసటి ఏడాది క్యూడీ విజన్ ఆస్తుల్నీ కొనేసింది! బ్రిటన్ కంపెనీ నానోకో మాత్రం తన డాట్ల పేటెంట్లు వాడుకున్నారంటూ కోర్టుకెక్కి, 2023లో శాంసంగ్ నుంచి 15 కోట్ల డాలర్లు రాబట్టింది.