మిథైల్‌ఫెనిడేట్, నాలుగేళ్ల వాడకం తర్వాత: బడికి నచ్చిన డోసు నాకు నచ్చలేదు

మా చిన్నవాడికి ఏడీహెచ్‌డీ ఉంది, అంటే దేని మీదా దృష్టి నిలవదు, కుదురుగా కూర్చోలేడు. 2021 డిసెంబరులో, వాడు మూడో తరగతిలో ఉండగా దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టాం. ఇప్పుడు ఏడో తరగతి. సెలవులు తీసేస్తే ఇన్నాళ్లూ పొద్దున ఏడున్నరకి ఆ గోలీ వాడి చేతిలో పెడుతున్నది నేనే. నేను డాక్టర్ని కాను, ఇందులో రాసిన డోసులు మా వాడివి, మీ పిల్లలకు కొలత కావు. మందు పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. ఎవరి లెక్కలో పనిచేస్తోంది అన్న ప్రశ్న మాత్రం నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మొదటి తిప్పలు మందు దొరకడం దగ్గరే. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలోది. డాక్టర్ చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాళ్లు తీసుకుని రెండేళ్లు దాచిపెట్టాలి. ఆ లైసెన్సు ఉన్న మెడికల్ షాపులు తక్కువ. మాది హనుమకొండ. మొదటి నెల నాలుగు షాపులు తిరిగాను. ఒకతను చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరికమ్మా?" అని అడిగిన తీరుకి గంజాయి అడిగినట్టు సిగ్గుపడ్డాను. ఆ తర్వాత కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లడం, డాక్టర్‌కి చూపించడం, అక్కడే మందు కొనుక్కుని రాత్రికి తిరిగి రావడం అలవాటైపోయింది.

అమెరికాలో సులువేమో అనుకునేదాన్ని. మా ఆడపడుచు డల్లాస్‌లో ఉంటుంది, వాళ్ల అబ్బాయికీ ఇదే సమస్య. వాడు తీసుకునేది యాడరాల్, అంటే యాంఫెటమిన్ రకం. అది మన మార్కెట్లో లేనే లేదు. అక్కడ కూడా ప్రతిసారీ కొత్త చీటీ కావాలట, పాత చీటీ మీద రీఫిల్ ఇవ్వరు. 2022 అక్టోబరులో యాడరాల్ కొరత ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించినప్పుడు పాపం ఆమె ఊళ్లో ఉన్న ఫార్మసీలన్నింటికీ ఫోన్లు చేసింది. ఆ నెల ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకున్నాం.

ఇక అసలు సంగతి. మొదలుపెట్టే ముందు డాక్టర్ చాలా అడిగారు. మా రెండు వైపులా ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి పోయారా అన్నారు. మా మేనమామ ఒకాయన అలాగే పోయాడని చెప్తే ఈసీజీ తీయించారు. బాగానే ఉంది. ఎత్తు, బరువు, బీపీ, నాడి రాసుకున్నారు. పిల్లాడి లక్షణాలకి మార్కులు వేసే వాండర్‌బిల్ట్ ఫారాలని రెండు ఇచ్చారు, ఒకటి మేం నింపాలి, ఒకటి క్లాస్ టీచర్.

ఈ మందు యాంటీబయాటిక్‌లా కాదు, యాంటీ డిప్రెసెంట్‌లా వారాలు ఆగనక్కర్లేదు. వేసుకున్న రోజే తెలుస్తుంది, దిగిపోగానే పోతుంది. మామూలు గోలీ మూడు నాలుగు గంటలు, మెల్లగా కరిగే ఎస్ఆర్ గోలీ మా వాడికి ఆరేడు గంటలు. మొదట 5 మిల్లీగ్రాముల మామూలుది రోజుకు రెండుసార్లు ఇచ్చాం, తర్వాత 10 ఎస్ఆర్. రెండో వారంలో సోషల్ నోట్‌బుక్ తెరిచి చూస్తే బోర్డు మీదిది మొత్తం రాసుకొచ్చాడు, చివరి ప్రశ్నతో సహా. అంతకుముందు ప్రతి పాఠం మూడో వాక్యంలో ఆగిపోయేది, పక్కన బొమ్మ గీసి ఉండేది. నేను వంటింట్లో నిలబడి ఆ పేజీలు తిప్పుతూ ఏడ్చాను.

ఇలాంటి సంతోషం పాతదే. 1937లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ తన ఆసుపత్రి పిల్లలకు తలనొప్పి తగ్గుతుందేమోనని బెంజెడ్రిన్ అనే యాంఫెటమిన్ మందు ఇచ్చాడు. తలనొప్పి సంగతేమో గానీ, దాదాపు సగం మంది చదువు మీద పడ్డారు. పిల్లలే వాటికి లెక్కల గోలీలని పేరు పెట్టుకున్నారు. మా వాడి గోలీ మాత్రం లెక్కలు నేర్పలేదు. కూడికలో చేతికొచ్చిన అంకె మర్చిపోవడం తగ్గింది, అంతే. భిన్నాలు అర్థం కాలేదు, కూర్చోబెట్టి చెప్పుకోవాల్సిందే. అక్కతో కొట్లాటలు అలాగే ఉన్నాయి. హోంవర్క్ లేదని అబద్ధం చెప్పడమూ అలాగే ఉంది, పైగా ఇప్పుడు బాగా ఆలోచించి చెప్తున్నాడు.

తిండి మాత్రం దెబ్బతింది. టిఫిన్ బాక్సు మూత తీస్తే పెరుగన్నం పెట్టినట్టే ఉండేది, పైన వేసిన దానిమ్మ గింజలు కూడా కదలకుండా. మొదటి మూడు నెలల్లో 24 కిలోల వాడు 23 కి దిగాడు. దానికి నేను కనిపెట్టింది పెద్ద విద్యేం కాదు. గోలీకి ముందే నెయ్యి దోసెలు రెండు, గుడ్డు ఒకటి. మధ్యాహ్నం తినమని పోరడం మానేశాను. మందు దిగాక రాత్రి ఏడింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఇంకోసారి అన్నం. తొమ్మిదింటికి తినేది చూస్తే మీకు భయమేస్తుంది.

సాయంత్రం నాలుగు నాలుగున్నర గండం. మందు దిగే వేళకి చెప్పు దొరకలేదని, పెన్సిల్ ముక్కు విరిగిందని వెక్కివెక్కి ఏడ్చేవాడు. ఆ గంటలో ఏమీ అడగకూడదని మా ఇంట్లో అందరం నేర్చుకున్నాం. ట్యూషన్ కోసమని ఒకసారి నాలుగింటికి ఇంకో 5 ఇచ్చి చూశాం. రాత్రి పన్నెండున్నరకి మంచం మీద కూర్చుని ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాడు. మళ్లీ ఇవ్వలేదు.

ఒక పొరపాటు చెప్పాలి. నేను ఊళ్లో లేని రోజు, వీడు గోలీ మింగడానికి మొండికేస్తే మా అత్తమ్మ ఎస్ఆర్ గోలీని నూరి అరటిపండులో కలిపి పెట్టింది. ప్రేమతోనే. ఎస్ఆర్ అంటే మెల్లగా కరగాల్సింది, నూరితే ఆరు గంటల మందు ఒక్కసారిగా ఎక్కుతుంది. మధ్యాహ్నం దాకా వాడికి గుండె దడ, తలనొప్పి, ఇంట్లో గుండ్రంగా తిరగడం. డాక్టర్‌కి ఫోన్ చేస్తే దగ్గరుండి చూసుకోమన్నారు, సాయంత్రానికి సర్దుకుంది. నమలకూడదు, నూరకూడదు అని ఇప్పుడు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాను. గోలీలు ఇచ్చేది ఇంట్లో ఒక్కరే ఉండడం మంచిది.

2022లో నాలుగో తరగతి. పాఠాలు పెరిగాయి, టీచర్ ఫారంలో మార్కులు మళ్లీ చెడ్డాయి. సెప్టెంబరులో డోసు 20 ఎస్ఆర్ చేశారు. రెండు వారాలకే స్కూలు నుంచి ఫోన్. ఎప్పుడూ ఫిర్యాదుకే మోగే నంబరు, ఆ రోజు మెచ్చుకోవడానికి మోగింది. "చాలా మారిపోయాడు మేడమ్, ఒక్క మాట మాట్లాడట్లేదు, ఇదే డోసు ఉంచేయండి."

దసరా సెలవులొచ్చాయి. కొత్త డోసు కదా, కొన్నాళ్లు సెలవుల్లో కూడా ఇమ్మన్నారు. సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం వాకిట్లో చాప పరిచి తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు కుప్పపోసి పేరుస్తున్నాం. ఏ ఏడాదైనా మా వాడు ఆ చాప మీద ఉంటే మాకు పని జరగదు. గునుగు కట్టలు తలకి కట్టుకుంటాడు, రంగు నీళ్లు ఒలకబోస్తాడు, తిట్లు తింటాడు. ఆ ఏడు ఒక మూల కూర్చుని గునుగు కాడలు ఒక్కొక్కటీ తీసి, పొడుగు వారీగా పక్కపక్కన పేర్చాడు. గంటసేపు. పెదవి తడుపుకోవడం తప్ప ముఖంలో ఏమీ కదల్లేదు. మా చిన్నత్తమ్మ వాణ్ణి నవ్వించాలని పువ్వు విసిరితే, ఆ పువ్వు కూడా తీసి వరసలో పెట్టాడు.

"గింత బుద్ధిమంతుడు ఎప్పుడైండే?" అంది మా అత్తమ్మ. వచ్చినవాళ్లందరూ అదే మాట. నాకు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

డాక్టర్‌కి ఇదంతా చెప్పాను, స్కూలు మెచ్చుకున్న సంగతి కూడా. ఆయన తడుముకోలేదు. పిల్లాడు నవ్వడం మానేస్తే డోసు ఎక్కువైనట్టే, టీచర్ ఎంత సంతోషంగా ఉన్నా సరే అన్నారు. పొద్దున 10 ఎస్ఆర్, దాంతో పాటే 5 మామూలుది అని మార్చారు. వారంలో మా వాడు మా వాడయ్యాడు. స్కూల్లో కొంచెం మాటలు పెరిగాయి, నోట్స్ మాత్రం పూర్తవుతూనే ఉంది. టీచర్‌కి ఇది నచ్చలేదు. నలభై మందిలో ఒక్కడు కదలకుండా కూర్చుంటే ఆమెకి ఎంత సుఖమో నాకు తెలుసు, ఆమె మీద కోపం లేదు. కానీ ఆమె ఫారం, నా ఫారం వేరు వేరు పిల్లల గురించి రాసినట్టుండేవి.

అప్పటి నుంచి పరిశోధనలు చదివితే నా చూపు ముందు దాని మీదే పడుతుంది, కొలిచింది ఎవరు, ఎంతకాలం అని. 2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ పిల్లలకు మొదట మిథైల్‌ఫెనిడేట్‌నే సూచించింది, కాకపోతే అది చూసింది పన్నెండు వారాల ప్రభావాన్ని. ఉన్న పరిశోధనలన్నీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష టీచర్ల అంచనాలో మెరుగుదల ఉందంటూనే ఆధారాల నాణ్యత తక్కువన్నది. ఆకలి తగ్గడం లాంటివి చూస్తే ఎవరికి ఉత్తుత్తి గోలీ కాక అసలు మందు పడుతోందో చూసేవాళ్లకి తెలిసిపోతుంది కదా, అదొక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి దీన్ని 2019లో, 2021లో తీసుకోలేదు. 579 మంది పిల్లలతో అమెరికాలో చేసిన ఎంటీఏ అధ్యయనంలో, 14 నెలలకి మందు జాగ్రత్తగా సర్దుతూ ఇచ్చిన పిల్లలు ప్రవర్తన శిక్షణ మాత్రమే పొందిన పిల్లల కన్నా ముందున్నారు. మూడేళ్లకి ఆ తేడా కనబడలేదు. అప్పటికి ఎవరి మందు వాళ్లు మార్చుకున్నారు, ఆపేశారు, మొదలుపెట్టారు కాబట్టి మందు ఓడిపోయిందని నేననను. ఏడాది పాటు నాకు కనిపించిన అద్భుతం ఎప్పటికీ అలాగే ఉంటుందని అనుకోవడం మాత్రం మానేశాను.

అదే అధ్యయనంలో, మందు వాడుతూ వచ్చిన పిల్లలు మూడేళ్లలో వాడని పిల్లల కన్నా సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. ఇది చదివాక పడకగది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు మొదలయ్యాయి. మొదటి ఏడాది 4 సెంటీమీటర్లే. ఈ వయసులో ఐదారు పెరగాలి. అందుకే ఆదివారాలు, వేసవి సెలవుల్లో మందు మానేస్తున్నాం, డాక్టర్ ఒప్పుకున్నాకే. మే నెల మా అమ్మ వాళ్ల ఊళ్లో మామిడి పళ్లు, చెరువు, రోజంతా కేకలు. జూన్‌లో యూనిఫాం బిగుతై ఊపిరాడదు. గీతలు ఇప్పుడు పరవాలేదు, కానీ అక్క ఇదే వయసులో ఉన్న గీత పక్కనే ఉంది, చూడకుండా ఉండలేను.

అలవాటు పడిపోతాడేమో అని అందరూ భయపెడతారు. అలవాటు పడ్డవాడు గోలీ మర్చిపోడు, మా వాడికి రోజూ గుర్తు చేయాలి. భయం ఉండాల్సింది ఇంకోచోట. ఇంటర్ చదివే మా అక్క కొడుకు పోయిన ఏడాది వచ్చి, "పిన్నీ, ఎంసెట్ దాకా ఆ గోలీలు ఒక పది ఇస్తావా?" అన్నాడు. మామూలుగా, పెన్ను అడిగినట్టు. మా ఇంట్లో డబ్బా ఆ రాత్రి నుంచి బీరువాలో తాళం కింద ఉంది. ఈ మందులు ఇంకొకరికి ఇవ్వడం, పంచుకోవడం గురించి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ లేబుళ్ల మీద హెచ్చరిక గట్టిగా రాయించింది. నేను వాడికి అది చదివి వినిపించాను, విన్నాడో లేదో.

మళ్లీ మొదటి నుంచి అయితే ఇస్తావా అని నన్ను చాలామంది తల్లులు అడిగారు. ఇస్తాను. ఆరేళ్ల లోపు పిల్లాడైతే ఇవ్వను, ముందు తల్లిదండ్రుల శిక్షణకే వెళ్తాను. డోసు పెంచే ముందు పిల్లాణ్ణి అడుగుతాను. మేం దాదాపు నాలుగేళ్ల దాకా వాణ్ణి అడగలేదు. పోయిన నెల డాక్టరే అడిగారు, గోలీ వేసుకుంటే ఎలా ఉంటుంది అని.

"వేసుకోకపోతే సార్ చెప్పేది వినబడుతది. వేసుకుంటే గుర్తుంటది. కానీ జోకులు రావు."

ఆయన అది యథాతథంగా రాసుకున్నారు. ఈసారి దసరా సెలవులతో పాటు బడి తెరిచాక ఇంకో వారం కూడా ఆపి చూద్దామన్నారు. ఆ వారం టీచర్‌కి చెప్పకుండా ఫారం మాత్రం నింపించి తెమ్మన్నారు. ఫారాలు బ్యాగులో పెట్టుకుని బయటికొస్తుంటే మెట్ల దగ్గర వాడు నా కొంగు పట్టుకుని లాగాడు. సద్దుల బతుకమ్మ రోజు కూడా వేసుకోనక్కర్లేదా అని.