తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ కలవకపోతే: రిజిస్ట్రీ దాతా, హాఫ్ మ్యాచా, బొడ్డుతాడు రక్తమా?

రక్త క్యాన్సర్‌కు మూలకణాల మార్పిడి తప్పదని తేలాక ముందుగా చూసేది తోడబుట్టినవాళ్లనే. కణాలు సొంతవా పరాయివా అని శరీరం పోల్చుకునే గుర్తులే హెచ్‌ఎల్‌ఏ; అవి ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. అక్కడ కుదరకపోతే మిగిలేవి మూడే: రిజిస్ట్రీ (స్వచ్ఛంద దాతల జాబితా) నుంచి బయటి దాత, సగం కలిసే బంధువు (హాఫ్ మ్యాచ్), బొడ్డుతాడు రక్తం.

రిజిస్ట్రీలో బయటి దాత దొరకడం రోగి పూర్వీకుల మూలాలను బట్టి చాలా మారిపోతుంది. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఒక కట్టగా తల్లి నుంచి, ఇంకో కట్టగా తండ్రి నుంచి వస్తాయి. ఏ1-బీ8-డీఆర్3 అనే కట్ట ఉత్తర ఐరోపా మూలాలవాళ్లలో విరివిగా ఉంటుంది. ఆఫ్రికా మూలాలవాళ్లలో వైవిధ్యం ఎక్కువ, రిజిస్ట్రీల్లో పేర్లేమో తక్కువ. అమెరికా రిజిస్ట్రీపై 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం చూసే 8 హెచ్‌ఎల్‌ఏ గుర్తులూ కలిసే (8/8) దాత దొరికే అవకాశం ఐరోపా మూలాల తెల్లవారికి 75 శాతం, దక్షిణ, మధ్య అమెరికా మూలాల నల్లజాతివారికి 16 శాతం. తల్లిదండ్రులవి వేర్వేరు మూలాలైతే వెతుకులాట ఇంకా కష్టం. అయితే కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, జాతి కాదు. 8/8 దాత సమయానికి దొరికితే నా ఓటు అతనికే. కానీ నిర్ధారణ పరీక్షలకు, దాత ఒప్పుకోలుకు వారాలు, నెలలు పడతాయి. జబ్బు అన్నాళ్లు ఆగదు.

హాఫ్ మ్యాచ్‌కు ఆ ఆలస్యం లేదు. కన్నవాళ్లు, కన్నబిడ్డలు కనీసం సగం కలుస్తారు. మార్పిడి తర్వాత 3, 4వ రోజుల్లో కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తారు. రోగి శరీరం మీద దాడికి వేగంగా విభజన చెందుతున్న దాత టీ కణాలను (రోగనిరోధక తెల్లకణాలను) అది దెబ్బతీస్తుంది. మూలకణాల్లో ఆ మందును విరిచే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి అవి బతుకుతాయి. అసలు చిక్కు యాంటీబాడీలతో. దాత హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా రోగి రక్తంలో యాంటీబాడీలు బలంగా ఉంటే ఎక్కించిన కణాలు నిలదొక్కుకోవు. రోగి ఒక తల్లి అయి, దాత ఆమె కన్నబిడ్డే అయినప్పుడు ఈ ముప్పు మరీ ఎక్కువ: బిడ్డలో ఉన్న తండ్రి హెచ్‌ఎల్‌ఏను ఆమె శరీరం గర్భంలోనే చూసి ఉంటుంది. రక్తం చాలాసార్లు ఎక్కించుకున్నవాళ్లకూ అంతే. ఈ యాంటీబాడీల పరీక్ష దాతను ఖాయం చేయకముందే జరగాలి, ఆ తర్వాత రక్తం ఎక్కిస్తే మళ్లీ చేయాలి.

బొడ్డుతాడు రక్తం 6 హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో 4 కలిసినా పనికొస్తుంది, అతిశీతలంలో భద్రపరిచి సిద్ధంగా ఉంటుంది. కానీ కిలో బరువుకు కనీసం 2.5 కోట్ల కణాలు కావాలి. 70 కిలోల మనిషికి 175 కోట్లు. ఒక్క సంచిలో అన్ని దొరకడం కష్టం, పైగా తెల్లకణాలు కోలుకోవడం నెమ్మది, ఆలోగా ఇన్‌ఫెక్షన్లు. చిన్నపిల్లలకైతే ఆలోచించవచ్చు.

ఏ దారి పట్టినా, రిజిస్ట్రీలో వెతకడం, కుటుంబసభ్యుల హెచ్‌ఎల్‌ఏ, యాంటీబాడీ పరీక్ష ఒకే రోజు మొదలుపెట్టమని అడగండి. తొలి జాబితాలో 8/8 ఆశ కనిపించకపోతే ఎదురుచూడకుండా, యాంటీబాడీలు అడ్డురాని బంధువుల్లో వయసు తక్కువున్నవారిని ఎంచుకోవడం మేలు.