212 పేజీల్లో ఒకటి గల్లంతు: బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపు

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో చిన్న జిరాక్స్, బైండింగ్ షాపు. ముందు రెండు మిషన్లు, వెనక కుట్టుడు చెక్క, మైదా జిగురు డబ్బా. మొదట్లో చిన్న పేచీ జరిగింది కాబట్టి పేరు రాయను. పని మాత్రం నచ్చింది.

ఇబ్రహీంపట్నం థర్మల్‌లో బాయిలర్ దగ్గర షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ని. నెలకోసారి డిప్లొమా పిల్లలకి సేఫ్టీ గురించి చెబుతుంటాను. వాళ్ల కోసం ఎస్‌ఎల్-1 అనే అణు రియాక్టర్ ప్రమాదం మీద అమెరికా ప్రభుత్వం వేసిన పాత దర్యాప్తు నివేదికల్లోంచి 212 పేజీలు ఏరి, మా అబ్బాయి చేత ప్రింటు తీయించి, పెన్సిల్‌తో నంబర్లు వేసుకున్నాను. ఇక్కడ రెండు సెట్లు జిరాక్సు, క్యాలికో బైండింగ్ చెప్పాను.

సాయంత్రం వెళ్లి అక్కడే నిలబడి లెక్కపెట్టాను. పాత అలవాటు. 117 తర్వాత 119 వచ్చింది. రెండో సెట్టులోనూ అంతే. ఓనరు వెంటనే కుర్రాడి మీద ఎగిరాడు, "నిద్రపోతున్నావా రా!" అని. కుర్రాడు ఏమీ అనలేదు. ఫీడర్ మూత తెరిచి రోలరు చూపించాడు. గాజుగోళీలా నున్నగా ఉంది. "అరిగిపోయింది సార్, రెండేసి కాగితాలు లాగుతోంది. వారం నుంచి చెబుతున్నా."

నాకు నవ్వొచ్చింది. "ఆ 118లో ఉన్న గోల కూడా ఇదేనండీ" అన్నాను. ఓనరు టీ తెప్పించాడు, ఇక కథ చెప్పక తప్పలేదు.

1961 జనవరి 3, రాత్రి 9 దాటి ఒక నిమిషం. అమెరికాలో ఐడహో ఎడారి. మంచు ప్రాంతాల్లోని సైనిక రాడార్ కేంద్రాలకి కరెంటు, వేడి ఇవ్వడానికని తయారుచేసిన బుల్లి రియాక్టర్, వేడి లెక్కన 3 మెగావాట్లు. మా బాయిలర్ ముందు అగ్గిపెట్టె. సెలవులకి ఆపి, 11 రోజుల తర్వాత మళ్లీ నడిపించే ఏర్పాట్లలో ముగ్గురున్నారు. ముగ్గురూ పోయారు. చూసినవాడు లేడు. లోపలికెళ్తే రేడియేషన్‌కి ఒక్క నిమిషం మించి నిలబడే వీల్లేదు.

అసలు పేలింది రియాక్టరా, ఇంకేదైనా రసాయనమా అన్నది మొదటి చిక్కు. దాన్ని విప్పింది ఒకతని గడియారం బకిల్‌లోని బంగారం, సిగరెట్ లైటర్‌లోని రాగి స్క్రూ. రెండూ రేడియోధార్మికంగా మారి ఉన్నాయి. రియాక్టర్‌లో అణుచర్య నుంచి వచ్చే న్యూట్రాన్లు తగిలితేనే అలా మారతాయి. "బంగారం సాక్ష్యం చెప్పిందన్నమాట" అన్నాడు కుర్రాడు. మా డిప్లొమా పిల్లలెవరూ ఇంత చక్కగా అనలేదు.

తర్వాత మధ్యలో ఉన్న తొమ్మిదో రాడ్డు. ఈ రాడ్లు లోపలుంటే అణుచర్య అణిగి ఉంటుంది, బయటికి లాగితే చెలరేగుతుంది. రాడ్డుని కదిపే యంత్రానికి, అంటే డ్రైవ్‌కి, తిరిగి తగిలించడానికి చేత్తో 4 అంగుళాలు ఎత్తితే చాలు, అది 20 అంగుళాల దాకా వచ్చింది. 4 మిల్లీసెకన్లలో పవర్ 20,000 మెగావాట్ల దగ్గరికెళ్లింది. లోపల నీళ్లు ఆవిరై, పైనున్న నీటిని సమ్మెటలా మూతకేసి కొట్టాయి. టన్నుల బరువున్న రియాక్టర్ పాత్ర 9 అడుగులు ఎగిరి, మళ్లీ తన చోటే కూర్చుంది. మాకు ఆవిరి పైపు దడదడలాడితేనే చెమటలు పట్టేవి.

మనిషి చేత్తో అంత వేగంగా లాగగలడా అని అదే బరువున్న నకలు రాడ్డు పెట్టి మనుషుల చేత లాగించి చూశారు. లాగగలరు. ఎందుకు లాగాడో మాత్రం తేలలేదు. ఆత్మహత్య అని, గొడవలని పుకార్లు. అంతకుముందు రాడ్లు ఇరుక్కుపోతుండేవన్నది మాత్రం రికార్డుల్లో ఉన్న మాట, ఇరుక్కున్నదాన్ని గుంజితే ఒక్కసారిగా ఊడొచ్చిందేమో. సరే, ఎవరు లాగితేనేం, ఒక్క రాడ్డు లాగితే కొంప మునిగేలా కట్టిందెవరు? ఆ తర్వాతి డిజైన్లలో, ఏ ఒక్క రాడ్డు పూర్తిగా బయటికొచ్చినా రియాక్టర్ ఆగే ఉండాలన్నారు.

ఓనరు మాట్లాడలేదు. కుర్రాడు మొత్తం 212 పేజీలూ గ్లాసు మీద ఒక్కొక్కటే పెట్టి మళ్లీ తీశాడు. మొదటిసారి నల్లగా మసిబొగ్గులా వచ్చిన ఫొటోల్ని మోడ్ మార్చి తీస్తే బోల్టులు కూడా కనబడుతున్నాయి. దీనికి డబ్బు అదనంగా తీసుకోలేదు.

బైండింగ్ గట్టిది. దారంతో కుట్టారు, బల్ల మీద పరిస్తే పుస్తకం మూసుకుపోదు. వీపు మీద బంగారు అక్షరాల్లో పేరు వేశారు, ఎస్‌ఎల్‌కి ఒకటికి మధ్య గీత మర్చిపోయారు. జిరాక్సు పేజీ రెండు రూపాయలు, బైండింగ్ ఒక్కోటి 180. మొత్తం 1208 అయితే 1200 తీసుకున్నాడు. సాయంత్రం పూట శంకర్ విలాస్ సెంటర్ మీదుగా వెళ్లకండి, ఆ ట్రాఫిక్‌లో ఓపిక అయిపోతుంది. పొద్దున పదింటికి ఖాళీగా ఉంటారు.

పోయిన వారం ఇంకో పని మీద వెళ్లాను. ఫీడర్ మూతకి అడ్డంగా టేపు వేసి, "వాడరాదు" అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. రోలరు విజయవాడ నుంచి ఇంకా రాలేదట.