జోసెఫ్ రైట్ మాండలిక నిఘంటువు: ఏళ్ల తరబడి వాడాక

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలలను తెలుగు చేసేవాళ్లకు మామూలు నిఘంటువు ఎక్కడో ఒకచోట చేతులెత్తేస్తుంది. ఎమిలీ బ్రాంటీ నవల ‘వదరింగ్ హైట్స్’ రెండో అధ్యాయంలో ముసలి నౌకరు జోసెఫ్, యజమానితో మాట్లాడాలంటే ‘లేథ్’ చివరి నుంచి చుట్టు తిరిగి వెళ్లమంటాడు. లేథ్ అంటే ఏమిటి? నా బల్ల మీదున్న నిఘంటువుల్లో ఆ అర్థం దొరకలేదు. దొరికింది జోసెఫ్ రైట్ సంపాదకత్వంలో 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాలుగా వచ్చిన ‘ఇంగ్లిష్ డయలెక్ట్ డిక్షనరీ’లో. ధాన్యమో గడ్డో దాచుకునే కొట్టం. ఇంగ్లండు ఉత్తరాది రైతుల మాట. స్కాండినేవియావాళ్ల పాత భాష నార్స్‌లోని ‘హ్లాథా’ దీనికి మూలం. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లిష్ కవి చాసర్ తన ‘రీవ్ కథ’లో ఉత్తరాది కుర్రాళ్ల చేత ఇదే మాట పలికించాడు. గుర్రాన్ని కొట్టంలో ఎందుకు కట్టలేదని ఒకడు రెండోవాణ్ణి తిట్టే సందర్భం అది. లండన్ మరిచిపోయిన మాటను ఉత్తరాది యార్క్‌షైర్ పొలాలు అన్ని వందల ఏళ్లు వాడుకలో ఉంచుకున్నాయి. అప్పటి నుంచి ఈ నిఘంటువు నా కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది.

రైట్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. బ్రాడ్‌ఫర్డ్ దగ్గరి పల్లెలో 1855లో పుట్టాడు. ఆరేళ్లకే రాతిగనిలో గాడిదను తోలే పని, ఆ తర్వాత సాల్టెయిర్ ఉన్నిమిల్లులో పని. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. అలాంటివాడు హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు పుచ్చుకుని, 1901లో ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్ ముల్లర్ కూర్చున్న తులనాత్మక భాషాశాస్త్ర పీఠంలో ఆచార్యుడయ్యాడు. సొంత ఊరి మాండలికానికి 1892లోనే వ్యాకరణం రాశాడు. పల్లె మాటను వింతవస్తువులా చూపించే ధోరణి ఈ నిఘంటువులో ఎక్కడా కనిపించదంటే కారణం ఇదేనని నా నమ్మకం.

ఒక ఆరోపం, అంటే నిఘంటువులో ఒక మాటకిచ్చిన మొత్తం వివరం, ఎలా ఉంటుందో చెబుతాను. ముందు మాట, దాని రకరకాల వర్ణక్రమాలు. తర్వాత అది వినిపించే కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు పొట్టి అక్షరాల్లో. ఆ తర్వాత అర్థాలు, ఒక్కో అర్థానికి ఒక్కో కౌంటీ నుంచి వాక్యాలు, అవి ఎక్కడివో. చిట్టచివర చదరపు బ్రాకెట్లలో ఒకటి రెండు పంక్తుల వ్యుత్పత్తి. తూకం ఎటు మొగ్గిందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఏ మాట, ఎవరి నోట, ఏ ఊళ్లో అన్న ప్రశ్నకు ఇంత ఓపికగా జవాబిచ్చిన పుస్తకం నేను మరొకటి చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం ముక్తసరి సమాధానమే. పదాల పుట్టుక కోసమే కొనేవాళ్లు నిరాశ పడతారు. అందుకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువును పక్కన పెట్టుకోక తప్పదు.

ఆ రెండూ కలిపి చదివితేనే అసలు రుచి. ‘అటర్‌కాప్’ అనే మాట తీసుకోండి. ఉత్తరాదిన సాలెపురుగు. కొన్నిచోట్ల సాలెగూడు కూడా అదే, ఇంకొన్నిచోట్ల చిర్రుబుర్రులాడే మనిషికి తిట్టు. ఈ అర్థాల పంపకం రైట్ చూపిస్తాడు. ప్రాచీన ఆంగ్లంలో ‘ఆటర్’ అంటే విషం, ‘కాప్’ సాలెపురుగుకు పేరు. ఆ విషం రాలిపోయి మిగిలిన ‘కాప్’కే గూడు చేరి, ఇవాళ అందరూ అనే ‘కాబ్‌వెబ్’ అయింది. బూజు దులిపే ప్రతి ఇంగ్లిషువాడూ ఆ పాత మాటను తెలియకుండానే పలుకుతున్నాడన్నమాట.

అనువాదకుడిగా నాకు ఎక్కువ మేలు చేసింది ఇలాంటి అపరిచిత పదాలు కావు, తెలిసినట్టే కనిపించి మోసం చేసేవి. ‘స్టార్వ్’ అనగానే మన చెయ్యి ఆకలి అని రాసేస్తుంది. ఉత్తరాది పాత్ర ఆ మాట అంటే చలికి కొంకర్లు పోతున్నానని అర్థం. ప్రాచీన ఆంగ్లంలో దానికి చావడమనే అర్థం, జర్మన్‌లో ‘స్టెర్బెన్’ ఇప్పటికీ అదే. చావు దక్షిణాదిన ఆకలి వైపు, ఉత్తరాదిన చలి వైపు వాలింది. ఆకలికి అక్కడ ‘క్లెమ్’ అని వేరే మాట ఉంది. యార్క్‌షైర్‌లో ‘వైల్’ అంటే ‘వరకు’. తొమ్మిది వైల్ అయిదు అంటే తొమ్మిది నుంచి అయిదు వరకు. ‘లేక్’ అంటే చెరువు కాదు, ఆడుకోవడం, పని లేక ఖాళీగా ఉండటం కూడా. ఇదీ నార్స్ సొత్తే. తొమ్మిదో శతాబ్దంలో యార్క్‌ను పట్టి అక్కడే కాపురం పెట్టిన వైకింగులు విడిచిపోయిన మాటలు ఈ సంపుటాల నిండా ఉన్నాయి.

లోపాలకు వద్దాం. ఇంగ్లిష్ డయలెక్ట్ సొసైటీ 1873 నుంచి పోగుచేసిన చీటీలు, ఊరూరి స్వచ్ఛంద సేకర్తలు పంపిన జాబితాలు దీనికి ముడిసరుకు. శ్రద్ధగల సేకర్త దొరికిన కౌంటీకి పదాల పంట పండింది. దొరకని కౌంటీ మూగదేమో అనిపిస్తుంది. ఒక మాటకు ఫలానా కౌంటీ పేరు లేనంతమాత్రాన అక్కడ ఆ మాట లేదనుకోకూడదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మన వ్యవసాయ వృత్తిపదకోశం ఊళ్లకు వెళ్లి, ఒక పద్ధతిలో అడిగి రాసుకున్నది. అది అలవాటైన కంటికి రైట్ పనిలోని ఈ అతుకులు త్వరగా కనబడతాయి. ఇంగ్లండులో ఆ కొరత తీర్చింది లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరాల్డ్ ఆర్టన్ నడిపించిన సర్వే. 1950 నుంచి 1961 వరకు 313 చోట్ల ఒకే ప్రశ్నావళితో తిరిగారు. అయితే అప్పటికే చాలా మాటలు పోయాయి. రైట్ అందుకున్నవి వాళ్లకు అందలేదు.

ఒక విషయంలో రైట్‌ను మెచ్చుకోవాలి. సరైన సాక్ష్యం దొరకని మాటలను ప్రస్తుతానికి ఆపుతున్నామని చెప్పి విడిగా జాబితా వేశాడు. ఇప్పుడు అందమైన పాత ఇంగ్లిష్ మాటలంటూ చేతులు మారే పట్టికల్లో ఈ నిజాయితీ ఏది? శీతకాలపు ఎండ వెచ్చదనానికి ‘అప్రిసిటీ’ అనే మాట వాటిలో తరచూ కనిపిస్తుంది. 1623 నాటి హెన్రీ కాకెరం కఠినపదాల నిఘంటువులోది అది. లాటిన్ నుంచి చెక్కిన పండిత పదం. దాన్ని పల్లె ముసలమ్మ నోటి మాటలా చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాడే పద్ధతి విషయానికొస్తే, స్కాన్ చేసిన సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అక్షరం సన్నం, రెండు వరుసల పేజీ, ఉచ్చారణ గుర్తుల దగ్గర యంత్రం చదివిన పాఠం గందరగోళం. ఫోనులో చదవాలని ప్రయత్నించకండి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం చేసిన డిజిటల్ రూపంలో కౌంటీ ప్రకారం కూడా వెతకవచ్చు. పాత్ర ఏ ప్రాంతంవాడో తెలిస్తే సగం పని అక్కడే అయిపోతుంది. వర్ణక్రమం తెలియని మాటకు మాత్రం నేను ఇప్పటికీ స్కాన్ పేజీలే తిప్పుతాను. వెతికిన మాట నాలుగు ఆరోపాల అవతల వేరే వేషంలో దొరకడం మామూలే.

హార్డీ, బ్రాంటీ, గాస్కెల్ రచనలను మూలంలో చదివేవాళ్లకు, అనువదించేవాళ్లకు తప్పక సిఫారసు చేస్తాను. పాత సంపుటాలు కొనాల్సిన పని లేదు. ఆరోసంపుటం చివర ఉన్న మాండలిక వ్యాకరణాన్ని మొదట ఒకసారి తిరగేసి, ఆ తర్వాత పదాల్లోకి దిగండి.